నాలుగో పరిశీలన

ఆమెను కాలేజీలో అందరూ వెనకబెంచీ మేడం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ట్రైనీలే. టీచర్లు కావాలని మా శిక్షణ కాలేజీలో చేరినవాళ్ళు చుట్టుపక్కల బడులకు వెళ్ళి నిజమైన పిల్లలకు పాఠాలు చెప్పాలి. ఆ పాఠాలు చూసి బాగోగులు చెప్పడం ఆమె పని. చప్పుడు కాకుండా తలుపు తోసుకుని వచ్చి, ఆఖరి బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చునేది. మోకాళ్ళు బల్లకు తగిలేవి. అలా ఇరవై ఏడేళ్ళు కూర్చుంది.

"డాక్టరు నా నడుముకి మందులు రాశాడమ్మాయ్. రాయాల్సింది మందులు కాదు, బెంచీలు ఎత్తు చేయించమని రాయాలి" అని నాతో నవ్వేది. అప్పటికే నాకు యాభై నిండాయి. అయినా ఆమెకు నేను అమ్మాయినే.

నేను ఆ కాలేజీ ఆఫీసులో టైపు చేసేదాన్ని. ఆమె గదికీ మా గదికీ మధ్య గోడ లేదు, రెండు ఇనప బీరువాలు అడ్డంగా ఉండేవి. ఆమె ట్రైనీలతో మాట్లాడే ప్రతి మాటా నాకు వినబడేది. పాఠం బాగుందనో బాగోలేదనో ముందుగా చెప్పేది కాదు. "ఇవాళ నీ క్లాసులో ఎవరికి అర్థం కాలేదు?" అని అడిగేది. ట్రైనీ ఒక పిల్లవాడి పేరో, పిల్ల పేరో చెప్పగలిగితే ఆమె ముఖం విప్పారేది. "అందరికీ అర్థమైంది మేడం" అన్నవాళ్ళను మాత్రం మర్నాడు మళ్ళీ వెళ్ళి చూసేది. ఆమె రిజిస్టరులో టీచరు ఏం చెప్పారన్నది నాలుగు ముక్కల్లో ఉండేది. పిల్లలు ఏమన్నారన్నది పేజీ నిండా ఉండేది.

పెళ్ళి చేసుకోలేదు. ఒక్కగానొక్క తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అతను గుండె జబ్బుతో పోయాక మరదలూ ఈమే మిగిలారు. పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మరదలు ఒక బట్టల షాపులో పనిచేసేది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నిలబడి తానులు విప్పడం, మళ్ళీ చుట్టడం.

ఒక ఆదివారం మేడం మెట్లెక్కి వస్తుంటే, మరదలు మెట్ల మీద కూర్చుని కింది వాటాలో ఉండే పాపకు గడియారం చూడటం నేర్పుతోందట. పాప మూడు గంటలను పన్నెండుంబావు అంటోంది. మరదలు తప్పు అనలేదు. "నీ గడియారంలో పొట్టి ముల్లు ఏది, పొడుగు ముల్లు ఏది?" అని అడిగింది. పాప తనంతట తనే నాలిక్కరుచుకుంది. మేడం కింది మెట్టు మీదే ఆగి అదంతా వింది.

"నువ్వు టీచరువి కావాలి" అంది ఆ సాయంత్రం.

"ఈ వయసులోనా? పిల్లలు అమ్మమ్మ వచ్చిందంటారు వదినా."

"అననీ. అమ్మమ్మ చెబితే ఇంకా బాగా వింటారు."

టీచరు ఉద్యోగంలో చేరడానికి నలభై రెండేళ్ళు దాటకూడదు. మరదలికి అప్పుడు ముప్పై తొమ్మిది. రెండేళ్ళ కోర్సు. ఆలస్యం లేకుండా పూర్తిచేస్తే చేతిలో కొద్ది నెలలు మిగులుతాయి. మూడు నెలలు బతిమాలించుకుని, షాపు మానేసి, పాతికేళ్ళ లోపు పిల్లల మధ్య మా కాలేజీలో చేరింది.

మేడం రెండు నియమాలు పెట్టింది. కాలేజీలో వదినా అని పిలవకూడదు. ఇంట్లో కాలేజీ మాటలు మాట్లాడకూడదు. "నా మరదలివని నీకు ఒక్క మార్కు ఎక్కువ పడిందని ఎవరూ అనుకోకూడదు" అంది. మరదలు సరేనంది. ఆమె అన్నిటికీ సరే అనే మనిషి. షాపులో అలవాటైన సరే అది.

ఇక గుర్తింపు సంగతి చెప్పాలి. టీచర్లను తయారుచేసే ఏ కాలేజీకైనా ఐదేళ్ళకోసారి గుర్తింపు మండలి నుంచి మనుషులు వస్తారు. అన్నీ చూసి, సరిగ్గా ఉంటే మరో ఐదేళ్ళు నడుపుకోమని కాగితం ఇస్తారు. ఆ కాగితం లేకపోతే మేమిచ్చే సర్టిఫికెట్టు చెల్లదు. రూలు ప్రకారం ఒక్కొక్క ట్రైనీ చెప్పే పాఠాలను కాలేజీవాళ్ళు ఆరుసార్లు వెళ్ళి చూడాలి. వెనక ఆ పనికి ఇద్దరుండేవాళ్ళు. రెండో ఆయన రిటైరై మూడేళ్ళయినా ఆ పోస్టు నింపలేదు. యాభై ఎనిమిది మంది ట్రైనీలు, పద్నాలుగు బడులు, రెండేసి బస్సులు మారి వెళ్ళాల్సిన దారులు, ఈమె ఒక్కతే. ఎంత తిరిగినా ఆరు ఎక్కడవుతాయి?

పాత నివేదికల్లో "ఆరు పరిశీలనలు జరిగినవి" అనే ఉండేది. నేనే టైపు చేశాను. అప్పుడు చాలావరకు నిజం కూడా. ఈసారి ఫారం మారింది. మీ లోపాలేమిటో మీరే రాయండి, ఏ సాయం కావాలో అడగండి అని అందులో ఒక అధ్యాయమే పెట్టారు. మండలివాళ్ళు మీటింగు పెట్టి, "మేం పోలీసులం కాదు, మీకు చేయూతనివ్వడానికే వస్తున్నాం" అని చెప్పారు. మేడం ఆ మాట నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుని వచ్చింది.

ఆ అధ్యాయం ఆమే రాసింది. ఎవరి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళిందో, ఎందుకు వెళ్ళలేకపోయిందో, పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో వివరంగా రాసి, రిజిస్టరు కాపీలు జతచేసింది. ప్రిన్సిపాల్ మంచివాడే, కాకపోతే అలిసిపోయిన మనిషి. కాగితాలు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఇలాగే పంపుదామంటారా మేడం?"

"ఇలాగే పంపాలి సార్. ఆరు అని రాస్తే రెండో పోస్టు ఎందుకిస్తారు? బాగానే నడుస్తోందిగా అంటారు."

"వాళ్ళు వేరేగా తీసుకుంటే?"

"రాయమని అడిగింది వాళ్ళేగా సార్."

ఆయన సంతకం పెట్టాడు.

ముగ్గురు సభ్యులు వచ్చారు. వాళ్ళకు పెద్దగా వచ్చినామె నెమ్మదస్తురాలు. మాట పొదుపు. బళ్ళో ఒక పాఠం చూస్తానంటే, ఆ రోజు వరసలో ఉన్నది మరదలి పాఠం. ఆమె, మేడం ఇద్దరూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. తిరిగొచ్చాక ఆ పాఠం గురించి మేడం నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

నాలుగో తరగతి. మూడు వందల నాలుగు రాయమంటే ఒక పిల్ల 3004 అని రాసింది. క్లాసు గొల్లున నవ్వింది. మరదలు నవ్వలేదు, సుద్దముక్క ఆ పిల్ల చేతికే ఇచ్చి, "ఎందుకలా రాశావో మాకందరికీ చెప్పమ్మా" అంది. మూడు వందలు రాశాను, పక్కన నాలుగు రాశాను అంది పిల్ల. "అంటే విన్నది విన్నట్టు రాశావు. మరి ఆ నాలుగు కూర్చోవడానికి మూడు వందల్లో ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూద్దామా?" పిల్ల బోర్డు వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. అంతసేపూ మరదలు నోరు మెదపలేదు. చివరికి పిల్ల ఆఖరి సున్నానూ నాలుగునూ వేలితో చెరిపి, ఆ సున్నా ఉన్న చోట నాలుగు వేసింది.

"అంతసేపు ఊరుకోవడం నాకే చేతకాదమ్మాయ్. నేనైతే చెప్పేసేదాన్ని" అంది మేడం. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. మండలి పెద్ద కూడా బయటికి వచ్చాక, "ఇలాంటి పాఠం చూసి చాలాకాలమైంది" అందట. ఆ రోజు మా ఇద్దరికీ కాలేజీ గట్టెక్కినట్టే అనిపించింది.

ఏడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. అప్పటికి ట్రైనీల బడి పాఠాలు కూడా ముగిసిపోయాయి. ప్రిన్సిపాల్ నా బల్ల దగ్గరే నిలబడి చదివాడు. మొదటి పేరాలో మెచ్చుకున్నారు. సంస్థ తన స్థితిని ఎంతో నిజాయితీగా, సమగ్రంగా నమోదు చేసిందట. రెండో పేరాలో, అలా నమోదైన వివరాల ప్రకారం పరిశీలనల నిబంధన పాటించలేదని రుజువైనందున గుర్తింపు కొనసాగించడం కుదరదని రాశారు. ఈ ఏడాదితో కాలేజీ మూత. నాలుగు పరిశీలనలైనా జరిగిన ట్రైనీలు మరో కాలేజీకి మారి పరీక్ష రాసుకోవచ్చు. నాలుగుకు తక్కువైనవాళ్ళ శిక్షణ లెక్కలోకి రాదు. కోర్సు మొదటి నుంచీ చదవాలి.

మేడం రిజిస్టరు తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను పేర్లు చదువుతుంటే ఆమె పక్కన అంకె వేసింది. నలభై తొమ్మిది మంది గట్టెక్కారు. తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిది పేర్లూ చూసి ఆమె పెన్ను కింద పెట్టేసింది. వాళ్ళంతా ఆ ఏడాది బాగా పాఠం చెప్పినవాళ్ళు. సరిగ్గా చెప్పలేనివాళ్ళ దగ్గరికి ఆరేడుసార్లు వెళ్ళింది. బాగా చెప్పేవాళ్ళకు తన అవసరం లేదనుకుంది.

తొమ్మిదో పేరు మరదలిది. మూడు పరిశీలనలు. అందులో ఒకటి మండలి పెద్దతో కలిసి వెళ్ళినది.

మిగతా ఎనిమిది మందీ చిన్నవాళ్ళు. ఏడ్చారు, తిట్టారు, వేరే కాలేజీల్లో మళ్ళీ మొదటి ఏడాదిలో చేరారు. మరదలికి అలా చేరే దారి లేదు. మళ్ళీ రెండేళ్ళంటే నలభై రెండు దాటిపోతాయి.

మేడం మండలి ఆఫీసుకు వెళ్ళింది. మూడుసార్లు తిప్పించుకున్నాక ఆ పెద్దామె దర్శనం దొరికింది. "మీరు కళ్ళారా చూశారు కదమ్మా ఆ ట్రైనీ పాఠం" అంది ఈమె.

"చూశాను. ఇప్పటికీ గుర్తుంది. కానీ మమ్మల్ని పంపింది పాఠాన్ని చూడ్డానికి కాదు, కాలేజీ పద్ధతిని చూడ్డానికి" అందట ఆమె. తర్వాత, "ఇంకొక్కటి ఉంటే బాగుండేది" అందట. ఆమెకూ బాధగానే ఉందని మేడం చెప్పింది. ఎవర్నీ చెడ్డగా చెప్పడం మేడంకి రాదు.

ఇంకొక్కటి. ఆ మాట నా బుర్రలో తిరిగింది. మండలి దగ్గరున్న రిజిస్టరు కాపీలు వాళ్ళు వచ్చివెళ్ళిన రోజు వరకే. ఆ తర్వాత కూడా నాలుగు వారాలు పాఠాలు జరిగాయి. ఆ పేజీలు వాళ్ళు చూడలేదు. అందులో ఒక చోట సగం పేజీ ఖాళీగా ఉంది. ఈ సలహా ఇచ్చింది నేనే, దాచుకోను. "ఒక్క పేజీ మేడం. మీరు రాయండి. ఆ బడి హెడ్మిస్ట్రెసమ్మ సంతకం నేను తెస్తా. సాక్షిగా నేనుంటా" అన్నాను.

"నోర్ముయ్" అంది. నన్ను ఆమె అంత మాట అనడం అదే మొదలు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు రిజిస్టరు నా బల్ల మీద పెట్టింది. రాసేసింది. తేదీ, నాలుగో తరగతి, కొలతల పాఠం. టేపుతో బల్ల పొడవు కొలిపించడం. పాఠం చక్కగా సాగింది. పిల్లలు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.

"పిల్లల మాటలు కూడా నేనే కల్పించానమ్మాయ్" అంది. ఆ మాట అన్నాక కుర్చీలో కూర్చుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తేదీని తమ ఇంటి గోడకు మరదలు అంటించుకున్న పాఠాల పట్టిక చూసి వేసిందట.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. ట్రైనీ సంతకం కూడా కావాలి కదా. మరదలు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాకు మంచినీళ్ళిచ్చింది. మేడం రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టి, వేలితో చోటు చూపించింది. మరదలు సంతకం పెట్టబోయి, పైన రాసినది చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఈ రోజు నాకు గుర్తుంది వదినా."

మేడం రిజిస్టరును ఇంకాస్త ఆమె వైపు జరిపింది.

"కొలతల పాఠం. ఆ పొద్దున బస్టాపులో నీకు చెప్పాను, ఇవాళ కొత్త పాఠం, వీలైతే రా అని. 'చూద్దాం' అన్నావు. నువ్వొస్తావనే అనుకున్నాను. గంట మోగాక కూడా పావుగంట ఆగి మొదలుపెట్టాను. తలుపు వంకే చూస్తూ చెప్పాను."

"వేరే బళ్ళో ఒకమ్మాయి..." అని మేడం ఏదో అనబోయింది.

"తెలుసు. ఆ అమ్మాయికి నీ అవసరం ఎక్కువ. నాకు తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "పాఠం చెడిపోయింది వదినా. టేపులు చాలలేదు, పిల్లలు కొట్టుకున్నారు. సెంటీమీటర్లు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో నేనే తప్పు చెప్పాను. మధ్యలో నాకు ఏడుపొచ్చేసింది. ఒక పిల్ల తన సీసా తెచ్చి నీళ్ళు తాగమంది. నువ్వేమో చక్కగా సాగిందని రాశావు."

"ఇంటికొచ్చి నాతో చెప్పకూడదా తల్లీ?"

"ఇంట్లో కాలేజీ మాటలొద్దన్నావుగా."

నాకు అక్కణ్ణుంచి లేచిపోవాలనిపించింది. లేవలేకపోయాను. మేడం రెండు చేతులూ రిజిస్టరు మీద పెట్టి కూర్చుంది.

"సంతకం పెట్టు. వయసు దాటిపోతుంది. తర్వాత నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను."

"ఇరవై ఏడేళ్ళలో నువ్వు రాసిన ఒకే ఒక్క అబద్ధం నా పేరు మీద ఉండాలా వదినా?" అని మరదలు రిజిస్టరు మూసేసింది. "పెట్టను. వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. రాలేదనే ఉండనీ." తర్వాత నా వైపు తిరిగి, "మీరు భోంచేసి వెళ్ళండి" అంది. ఆ మాట అన్నది మర్యాదకే అయినా, నేను తిన్నాను. ముగ్గురం తిన్నాం. ఎవరు ఏం తిన్నామో తెలియలేదు.

ఆ పేజీని మేడం మర్నాడు నా ముందే అడ్డంగా కొట్టేసి, "ఈ పరిశీలన జరగలేదు" అని రాసి, కింద తన సంతకం పెట్టింది.

కాలేజీ మూసేశారు. బోర్డు దించడానికి వచ్చినవాళ్ళు మేకులు ఊడక గోడ పెళ్ళగించారు. బెంచీలు ఒక ఆఫీసుకు, బీరువాలు ఇంకో ఆఫీసుకు పోయాయి. బీరువాలు తీశాక మా రెండు గదులూ ఎంత పెద్ద గదో అప్పుడు చూశాం. తోటి లెక్చరర్లలో కొందరు మేడంతో మాటలు మానేశారు. "సత్య హరిశ్చంద్రుడి అక్కగారు" అని ఒకాయన ఆమెకు వినబడేలా అన్నాడు. ఆమె విని, టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్ళుంది. పాఠ్యపుస్తకాల గోడౌనులో వేశారు. బళ్ళకు వెళ్ళే పుస్తకాల కట్టలు సరిచూసి పంపాలి. పిల్లల గొంతు వినబడని చోటు. నన్నూ అక్కడికే వేయడం నా అదృష్టమో, మరేమిటో.

మరదలు మళ్ళీ ఆ షాపులోనే చేరింది. ఒకసారి నేను దుప్పటి కొనడానికి వెళ్ళాను. నవ్వుతూ పలకరించింది, నాలుగు రకాలు విప్పి చూపించింది. తను పాఠాలు చెప్పిన బడి హెడ్మిస్ట్రెసమ్మ రెండుసార్లు కబురు పంపిందట, కనీసం గంటసేపైనా వచ్చి పిల్లలతో కూర్చోమని. సర్టిఫికెట్టు లేనిదే క్లాసులోకి రానివ్వకూడదని పైవాళ్ళు అనడంతో అదీ ఆగిపోయింది. "పోనీలెండి, ఇక్కడ కూడా కొలవడమేగా" అని నా దుప్పటి మడత పెట్టింది. ఆమె అది హాస్యానికే అంది. నేను నవ్వలేకపోయాను.

వదినా మరదళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. పోట్లాట లేదు. పొద్దున్నే ఒకరికొకరు డబ్బా కట్టుకుంటారు. "నాతో బాగానే ఉంటుందమ్మాయ్. కోపంగా ఉన్నా బాగుండేది" అని మేడం ఒకసారి కట్టల మధ్య కూర్చుని అంది.

మూడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం గోడౌనుకు వచ్చిన ప్రభుత్వ కాగితాల్లో మండలి కొత్త నిబంధన కనబడింది. తమ లోపాలను తామే రాసి పంపిన కాలేజీలకు సరిదిద్దుకోవడానికి రెండేళ్ళ గడువు ఇస్తారట. ఈలోగా ట్రైనీలెవరికీ నష్టం ఉండదట. నేను చదివి, చూపించాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి ఆమె చేతికిచ్చాను. నిలబడే చదివింది.

"మంచి రూలు. ఇలాగే ఉండాలి" అంది. కాగితం నాకిచ్చేసి, ఐదో తరగతి కట్టలు ఎన్ని వచ్చాయో చూడమంది.

మర్నాడు అడిగాను, ఇంట్లో చెప్పారా అని.

"చెప్పాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది అప్పుడు. 'మంచిదేగా వదినా, ఇకమీదట పిల్లలు నష్టపోరు' అంది. మిగతా బట్టలు కూడా మడతపెట్టింది. అన్నీ బీరువాలో సర్దింది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది."

"తర్వాత?"

"కుళాయి తిప్పింది. చాలాసేపు కట్టలేదు. బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది." మేడం చేతిలోని పురికొస ముక్కను వేలికి చుట్టుకుంటూ ఉంది. "తలుపు దాకా వెళ్ళానమ్మాయ్. కొట్టలేకపోయాను."